అరువు మెలకువ

వంటింట్లో స్టీలు డబ్బాలు దించుతున్న చప్పుడుకు మెలకువ వచ్చింది. బయట వీధి దీపాలు ఇంకా వెలుగుతూనే ఉన్నాయి. లేచి వెళ్ళి చూస్తే మా అమ్మాయి తేజశ్రీ అరల మీది డబ్బాలన్నీ నేల మీద పరిచి, ఒక్కొక్కటే తుడిచి మళ్ళీ పైన పెడుతోంది. ఆ ముందు రోజు కూడా అదే పని చేసింది. అంతకు ముందు రోజు నా కుట్టుమిషను సొరుగులోని దారపు రీళ్ళన్నీ రంగుల ప్రకారం సర్ది, నాకు కావలసిన రీలు ఒక్కటీ దొరక్కుండా చేసింది.

ఏం చేస్తున్నావని అడిగాను.

“ఏం జెయ్యాల్నో తెలుస్తలేదు బాపు,” అంది. చేతులు ఆగలేదు. “మెలకువొచ్చింది. పుస్తకం తీసిన. మెలకువ ఉన్నది గని బుద్ధి లేస్తలేదు.”

పప్పు డబ్బా మూతను తుడిచిందే తుడుస్తోంది. నేను మూత తీసుకుని పక్కన పెట్టాను. ఆమె ఇంకో మూత అందుకుంది.

ఆషాఢ మాసం అది. వేసవి ముందు నుంచీ ఆమె నిద్ర ఇదే తీరుగా ఉంది. తెల్లవారుజామున ఎవరో మొహాన నీళ్ళు కొట్టినట్టు ఉలిక్కిపడి లేచేది. లేచాక ఒకచోట కుదురుగా కూర్చునేది కాదు. పుస్తకం తెరిచి మూసేది, సగం జడ వేసుకుని వదిలేసేది, చీపురు పట్టుకుని మధ్యలో గడప మీద ఆగిపోయేది. సందె దీపం పెట్టే వేళకు కోసిన తోటకూరలా వాడిపోయేది.

అంతకు ముందు ఆమె ఇలా లేదు. తేజశ్రీ మా పట్నంలోని యూనివర్సిటీలో ఎమ్మెస్సీ లెక్కలు చదువుతోంది. నేను దర్జీని, మా ఇంటి ముందు గదే నా దుకాణం. చిన్నప్పటి నుంచీ ఆమెకు దీపాలు పెట్టాకే చురుకు పుట్టేది. నాదీ అదే తీరు. భోజనాలయ్యాక నేను మిషను మీద కూర్చుంటే, ఆమె కటింగు బల్ల అటు చివరకు చేరి, గుడ్డ మీద గీతలు గీసే సుద్దబిళ్ళతో బల్ల మీదే లెక్కలు చేసేది. మర్నాడు బల్ల మీద గుడ్డ పరిస్తే ఆ లెక్కలు గుడ్డకు అంటుకునేవి. ఒకసారి ఒక పెద్దమనిషి తెల్ల చొక్కా వీపు మీద ఏదో సమీకరణం అచ్చుపడింది. ఆయన నన్ను తిట్టి, ఉతికించుకుని, మళ్ళీ నా దగ్గరే ఇంకో చొక్కా కుట్టించుకున్నాడు.

పొద్దున పూట మాత్రం ఆమె వేరే మనిషి. యూనివర్సిటీలో మొదటి పాఠమూ, మధ్యలో పెట్టే పరీక్షలూ అన్నీ ఎనిమిదింటికే. కళ్ళు ఉబ్బి, నోట మాట రాకుండా వెళ్ళేది. వచ్చిన లెక్క కూడా తప్పు చేసి వచ్చేది. సాయంత్రం అదే ప్రశ్నపత్రం ముందు పెట్టుకుని, పల్లీలు తింటూ మొత్తం చేసి చూపించేది. అధ్యాపకులు బద్ధకమన్నారు. నేనూ అదే అన్నాను. నా భార్య వినోద ఒక్కతే అలా అనలేదు. “నీ పోలికే వచ్చింది, దాన్నేమంటవ్?” అనేది.

ఆ యూనివర్సిటీలోనే జీవశాస్త్రం చెప్పే డాక్టర్ సుగుణ మేడం ఈ సంగతి మీద పని చేస్తోంది. ఒకే పిల్లలకు ఒకే రకం పరీక్ష పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి పెట్టి చూసిందట. పొద్దున వెనకబడ్డవాళ్ళలో చాలామంది సాయంత్రం ముందుకొచ్చారు. పిల్లల తెలివిలో తేడా లేదు, ఒంట్లోని గడియారంలోనే తేడా ఉంది, వాళ్ళ పరీక్షలు మధ్యాహ్నం తర్వాత పెట్టండి అని యూనివర్సిటీ పెద్దలకు రాసింది. వాళ్ళు సమావేశమయ్యారు. అంతా విన్నారు. సిబ్బంది బస్సులు అయిదింటికే వెళ్ళిపోతాయి కాబట్టి కుదరదన్నారు. బస్సుల వేళ మార్చడం ఎవరి చేతిలోనూ లేదట. అందుకని ఆమె పిల్లల్ని మార్చే పని మొదలుపెట్టింది.

అలా పుట్టిందే పొద్దుపట్టీ. నుదుటి మీద నుంచి కళ్ళ మీదకు వచ్చే నల్లటి మెత్తని గుడ్డ. లోపల రెప్పలకు తగిలేచోట ఆవగింజలంత ఎర్ర దీపాలు, కణతల దగ్గర వెచ్చబడే తీగలు. మెదడులో కంటి నరాలు కలిసే చోట బియ్యపు గింజంత ముద్ద ఉంటుందని, ఒంటికి పొద్దు చెప్పేది అదేనని మేడం తల్లిదండ్రులను పిలిచి చెప్పింది. మాకు అర్థం కాలేదని మొహాలు చూసి తెలుసుకుంది. నన్ను నిలబెట్టి చప్పట్లు కొట్టమంది. తేజశ్రీని కళ్ళు మూసుకుని తన ఇష్టం వచ్చిన తీరున కొట్టమంది. మొదట ఇద్దరివీ వేరువేరుగా పడ్డాయి. కాసేపటికి ఎవరూ చెప్పకుండానే కలిసిపోయాయి. నేను ఆపాను. తేజశ్రీ చేతులు నా తాళానికే కొడుతూ ఉన్నాయి.

“అంతే,” అంది మేడం. “పెందలాడే లేచే మనిషి పొద్దును ఈ పట్టీ పట్టుకుంటది. నిద్రలో పిల్లకు నేర్పిస్తది. ఇంట్లో వాళ్ళదైతే తొందరగా పడ్తది.”

ఆ పెందలాడే లేచేవాళ్ళ కోసం వెతుకుతుంటే, ఆమె దగ్గర పనిచేసే రమణాచారి దారి చూపాడు. అతను మా పట్నంలోని సన్నిధానంలో నాతో పాటు అయ్యప్ప మాల వేసుకునే స్వామి. అది అంతకు ముందు కార్తీక మాసం. అయ్యప్ప దీక్షలో ఉన్నవాళ్ళమంతా తెల్లవారకముందే లేచి చన్నీళ్ళు పోసుకుంటాం. మందు లేదు, మాంసం లేదు, అందరిదీ ఒకే తిండి, ఒకే వేళ. ఇంతకంటే మంచివాళ్ళు మీకు ఎక్కడ దొరుకుతారని అతను మేడంతో అన్నాడట.

నాకది పదిహేడో మాల. రమణాచారి పట్టీలు తెచ్చినప్పుడు మా గురుస్వామి కట్టయ్య ఒకదాన్ని అటూ ఇటూ తిప్పి, తోలు ఏమైనా కలిసిందా అని అడిగాడు. లేదన్నాక కళ్ళకద్దుకుని, తానే ముందు కట్టించుకున్నాడు. మేమంతా వరుసకు కూర్చున్నాం. పడుకునే ముందు కట్టుకోవాలి, లేచాక ఇచ్చేయాలి. పట్టీలు తీసేటప్పుడు రమణాచారి ప్రతివాళ్ళనూ నిద్ర సరిపోయిందా, లేవడానికి బాధయిందా అని అడిగేవాడు. “స్వామి దయ” అనేవాళ్ళం. మాలలో ఉండి నిద్ర చాలడం లేదని ఎవరంటారు? మొదటిసారి మాల వేసుకున్న ఒక కన్నెస్వామి భజనలో హార్మోనియం మీద తల వాల్చి గురక పెట్టేవాడు. అతన్ని అడిగినా స్వామి దయే. రమణాచారి అందరికీ బాగుందనే రాసుకున్నాడు.

మేము ఇరుముడి కట్టుకుని శబరిమల వెళ్ళి వచ్చాం. మా సన్నిధానంలో మాల తీశాను. ఆ తర్వాత రెండు మూడు రోజుల్లోనే నా పాత అలవాటు నాకొచ్చింది. రాత్రి మిషను, పొద్దున ఎండ మొహాన పడేదాకా నిద్ర. అదే వారంలో తేజశ్రీ నా పొద్దు పట్టిన పట్టీని కట్టుకుంది. ఎవరిది కావాలని మేడం అడిగితే, బాపుదైతే భయం లేదు అందట. ఆ మాట వినోద నాకు చెప్పినప్పుడు నేను చొక్కా కాలరు తిప్పుతున్నాను. కుట్టు పక్కకు పోయింది.

మొదట్లో అంతా మేలే కనిపించింది. తేజశ్రీ ఎవరూ లేపకుండా లేచేది. ఎనిమిదింటి పరీక్షల్లో మార్కులు పెరిగాయి. అధ్యాపకులు మెచ్చుకున్నారు. వినోద వీధిలో అందరికీ పరమాన్నం పంచింది. నేను అయ్యప్ప పటం ముందు నిలబడి, నా మాల నా బిడ్డకు ఇలా పనికొచ్చిందా స్వామీ అనుకున్నాను.

తర్వాత సాయంత్రాలు పోయాయి. కటింగు బల్ల దగ్గరికి ఆమె రావడం మానేసింది. చీకటి పడుతుండగా కళ్ళు మూతలు పడేవి, అయినా నిద్ర పట్టేది కాదు. పొద్దున లేవడం మాత్రం ఒక్క నాడూ తప్పలేదు. మార్కులు దిగడం మొదలుపెట్టి, మునుపటి కంటే కిందికి పోయాయి. శ్రావణంలో ఒక సాయంత్రం ఇంటికి రాలేదు. ఫోను మోగుతోంది, ఎత్తడం లేదు. చివరకు ఒక కండక్టరు ఎత్తాడు. పిల్ల సీట్లోనే ఒరిగిపోయి బస్సు చివరి ఊరిదాకా వచ్చేసిందని, లేపితే తన ఊరు పేరు చెప్పడానికి చాలాసేపు పట్టిందని అన్నాడు. నేను వెళ్ళేసరికి ఆమె డిపోలో బల్ల మీద కూర్చుని, ఎవరో ఇచ్చిన టీ గ్లాసు పట్టుకుని, తాగకుండా తిప్పుతూ ఉంది.

“బాపు, నేను పాసైత లేను,” అంది. “అది పోనీ. నాకు లెక్క ఎట్ల పుడ్తదో యాదికొస్తలేదు. ముందు పుట్టేది.”

మర్నాడే ఇద్దరం ప్రయోగశాలకు వెళ్ళాం. సుగుణ మేడం మమ్మల్ని చూసి ఆశ్చర్యపోలేదు. తానే కబురు పంపాలనుకుంటున్నానంది. మనిషి బాగా చిక్కింది.

వచ్చే ఏటి పిల్లల కోసం మా స్వాముల పొద్దు మరోసారి పట్టి ఉంచుదామని ఆమె వేసవిలో రమణాచారిని పంపింది. నేనూ నాలుగు రాత్రులు కట్టుకున్నాను. ఆ పట్టీలు చూస్తే ఒక్కరిదీ మునుపటిలా లేదు. పట్టీలు చెడిపోయాయనుకుని బాగు చేయించి మళ్ళీ కట్టించింది. మళ్ళీ అంతే. వీళ్ళిప్పుడు పెందలాడే లేవడం లేదా అని రమణాచారిని అడిగింది. మాల తీశాక ఎందుకు లేస్తారు మేడం అన్నాడట అతను, ఇదేం ప్రశ్న అన్నట్టు.

ఆమె కంప్యూటరు మీద రెండు గీతలు చూపించింది. ఒకటి నేను మాలలో ఉండగా లేచిన వేళ. రెండోది నా ఒంటి వేడి. ఒళ్ళు బాగా చల్లబడి, ఇక వెచ్చబడడం మొదలుపెట్టే చోటు ఒకటి ఉంటుంది. ఒంటి లెక్కలో తెల్లవారడం అదేనట. నాకు అది ఎండ వచ్చాక ఎప్పుడో ఉంది. నేను లేచిన వేళ దానికి చాలా ముందుంది.

“మీరు చన్నీళ్ళు పోసుకునే యాల్లకు మీ ఒంటికి ఇంకా నడిరాత్రే,” అంది మేడం. “మీ గడియారం జరుగనే లేదు. రోజూ ఉలిక్కిపడి లేచింది. మేం ఆ ఉలికిపాటును పట్టుకొని పొద్దు అనుకున్నం. అదే తేజశ్రీకి నేర్పినం.”

తేజశ్రీ వేళ్ళతో కుర్చీ చేతిని గీకుతూ ఉంది. మూలన నిలబడ్డ రమణాచారి నేల చూపులు చూస్తూ అన్నాడు. “నిద్ర సాల్తలేదని ఒక్క స్వామి గూడ చెప్పలే మేడం.”

“నువ్వు?” అంది మేడం.

“నేను గూడ చెప్పలే.”

పట్టీ తీసేస్తే పోదా అని అడిగాను. పట్టీ ఎప్పుడో తీసేశాం, మెదడులోని ఆ ముద్ద నేర్చుకున్నది దానంతటది మరవదు అంది మేడం. తేజశ్రీ సొంత పొద్దు ఉంటే మళ్ళీ నేర్పవచ్చు. కానీ దాన్ని ఎవరూ పట్టి ఉంచలేదు. పనికిరాని పొద్దును దాచడం ఎందుకనుకున్నారు. దానికి దగ్గరగా ఉండేది నాదే. మాల లేని నా అసలు పొద్దు. వేసవిలో పట్టింది పనికిరాదా అంటే, పగళ్ళ పొడవు వేరు, మొదట పట్టిన రుతువులోనే పట్టాలి అంది. మండలం, అంటే నలభై ఒక్క రోజులు పట్టాలి. అలారం ఉండకూడదు, ఎవరూ లేపకూడదు, నేను నా ఒంటిని బలవంతపెట్టకూడదు. నిద్ర వచ్చినప్పుడు పడుకుని, తెలివి వచ్చినప్పుడు లేవాలి.

అంటే కార్తీకం నుంచి, మాల వేసుకుని తెల్లవారకముందే లేవవలసిన రోజుల్లోనే. ఆ ఏటిది నాకు పద్దెనిమిదో మాల. పద్దెనిమిదో ఏడు కొబ్బరి మొక్కను ఇరుముడితో పాటు మోసుకెళ్ళి కొండ మీద నాటి వస్తారు. ఆ తర్వాత కొత్తవాళ్ళకు మాల వేసే అర్హత వస్తుంది. కొందరు ఆ ఏటి కోసమే బతుకుతారు. నేను వాళ్ళలో ఒకణ్ణి.

ఇంటికి వచ్చాక వినోద అంతా విన్నది. బియ్యం కడిగింది, పొయ్యి వెలిగించింది. పిల్లను చూడలేకపోతున్నానని, స్వామి కోపం కూడా మన ఇంటి మీద పడకూడదని, తనకేమీ తోచడం లేదని చెప్పింది. తేజశ్రీ మాత్రం వద్దంది. చదువు ఒక ఏడు ఆపుతానని, నేను మాల వేసుకుని వచ్చాక వచ్చే ఏడు చూసుకోవచ్చని అంది. ఆ మాట అంటూ గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకు తిరుగుతూనే ఉంది. మాట అయిపోయింది, నడక అయిపోలేదు. ఇంకో ఏడు ఇలా తిరిగితే ఏమవుతుందో మేడంకు కూడా తెలియదు.

నేను దుకాణంలో కూర్చుని ఆలోచించాను. ఆ రోజుల్లో చేతి నిండా నల్ల బట్టల పని. స్వాములకు లుంగీలు, చొక్కాలు. కత్తెర పట్టుకుంటే ఆలోచన సాగుతుంది. రాత్రి మేలుకునే ఒళ్ళు నాకు ఎవరిచ్చారు? స్వామే ఇచ్చి ఉంటాడు. మరి దానికి ఎదురు తిరిగి తెల్లవారుజామున లేవమని ఎందుకన్నాడు? అది కష్టం కాబట్టే కదా మొక్కు అయింది. నిద్ర ఆపుకుని లేస్తే అది నేనిచ్చినట్టు. అక్కడిదాకా నాకు తేలిగ్గానే ఉంది. కానీ నా మొక్కు ఇప్పుడు నా బిడ్డ ఒంట్లో నడుస్తోంది. ఆమె మొక్కలేదు. ఆమెకు ఇరుముడి లేదు, కొండ లేదు, మాల తీసే రోజు లేదు. అది ఎవరికి చేరుతోంది? స్వామి దాన్ని తీసుకుంటున్నాడా? తీసుకుంటాడని అనుకోవడానికి నాకు మనసు రాలేదు. తీసుకోడని అనుకుంటే, పదిహేడేళ్ళు నేనిచ్చింది తీసుకున్నాడో లేదో అని ఇంకో అనుమానం. కత్తెర అక్కడే ఆపేశాను.

గురుస్వామి ఇంటికి వెళ్ళాను. కట్టయ్య స్వామి ఆకుకూరల బండి నడుపుతాడు. బండి కడుగుతున్నాడు. అంతా విన్నాడు. శాస్త్రంలో ఎలా ఉందో అడిగాను. ఆయన గుడ్డ పిండి దండెం మీద వేశాడు.

“నాకెర్కలేదు స్వామి,” అన్నాడు. “ఇసొంటిది ఎవ్వలు అడుగలే. నేనైతే నిన్ను ఆపను, పొమ్మనను. మాలేసుకుంటనంటే ఏస్త.”

“మీ బిడ్డయితే ఏం జేస్తరు?”

ఆయన బండి చక్రానికి అంటిన మట్టి గీకాడు. “నా బిడ్డ పెండ్లయి పోయింది,” అన్నాడు. అంతకు మించి చెప్పలేదు. నేను వచ్చేటప్పుడు గేటు దాకా వచ్చి, కొబ్బరి మొక్క చెప్పి పెట్టానని, దాన్ని వేరే స్వామికి ఇప్పిస్తానని మెల్లగా అన్నాడు. అప్పటికి నేనింకా ఏదీ తేల్చుకోలేదు. ఆయన మాట విన్నాకే తేల్చుకున్నానని తెలిసింది.

కార్తీకం వచ్చింది. నేను మామూలు చొక్కాలో తిరగడం చూసి తోటి స్వాములు ఆగి అడిగేవాళ్ళు. కారణం తెలిసినవాళ్ళు తెలిసినట్టే ఆటపట్టించారు. “ఓదెలు స్వామి ఈయేడు పండుకునే దీక్ష పట్టిండు,” అన్నాడొకడు. “నియమం తప్పకు స్వామి, పొద్దెక్కక ముందు లేస్తే దోషం,” అన్నాడు ఇంకొకడు. నేనూ నవ్వాను. వాళ్ళ లుంగీలు కొలత తీసుకుంటూనే నవ్వాను.

ఆ దీక్ష నేననుకున్నంత సులువు కాలేదు. ఆ నెల చలి తగలగానే నా ఒళ్ళు ఏటా చేసే పనికి సిద్ధమైంది. తెల్లవారుజామున సన్నిధానం నుంచి శరణు ఘోష వినపడగానే కళ్ళు తెరుచుకునేవి. కాళ్ళు వాటంతటవే నేలకు దిగేవి. పట్టీ కట్టుకుని అలాగే పడుకుని, లేవకూడదు, బలవంతంగా పడుకోనూ కూడదు, ఏం చేయాలో తెలియక గోడ వైపు తిరిగేవాణ్ణి. మొదటి వారం పట్టిందంతా పనికిరాలేదని మేడం చెప్పింది. శరణు వినపడని చోటు కావాలంది. యూనివర్సిటీ చివరన వాళ్ళ ప్రయోగశాల వెనక ఒక గది ఇచ్చారు. నా మిషను ఆటోలో అక్కడికి తెచ్చుకున్నాను. గోడ గడియారం తీసేశారు. నా ఫోను రమణాచారి దగ్గర పెట్టాను. వినోద అన్నం పంపేది, ఏ పూటకు ఆ పూట నాకు ఆకలైనప్పుడు తినమని.

ఆ గదిలో నాకు పిచ్చెక్కినట్టుండేది. చేయవలసిన పని ఏమీ చేయకుండా ఉండడం ఇంత కష్టమని తెలియదు. కుట్టిందే విప్పి మళ్ళీ కుట్టేవాణ్ణి. తేజశ్రీకి ఎలా ఉంటోందో అప్పుడు కొంచెం తెలిసింది. స్నానం ఆలస్యం, దీపం ఆలస్యం. ఎండ వచ్చాక పటానికి దండం పెడితే, కచేరీకి ఆలస్యంగా వెళ్ళిన గుమాస్తాలా తల దించుకునేవాణ్ణి. అయినా పెట్టడం మానలేదు.

ఒక రోజు లేచేసరికి కిటికీ నిండా వెలుగుంది. నాలుక మీద నిద్ర రుచి ఉంది. ఏ ఉలికిపాటూ లేదు. కాసేపు నేనెక్కడున్నానో, ఏ నెలో గుర్తు రాలేదు. మేడం గీతలు చూసి తల ఊపింది. ఆ రోజు నుంచి లెక్క మొదలుపెట్టి మండలం పట్టింది. మకరజ్యోతికి మా వాళ్ళంతా కొండ మీద ఉన్నారు. నేను ఆ గదిలో పిల్లల స్కూలు బట్టలు కుడుతున్నాను.

ఈలోగా ఆ యూనివర్సిటీలో మేడంకు చిక్కులు వచ్చాయి. పట్టీ కట్టుకున్న పిల్లలు పొద్దున పాఠాలకు తప్పకుండా వస్తున్నారని, హాజరు బాగుందని, పని ఆపవద్దని పెద్దలు అన్నారు. ఆమె ఆపేసింది. తక్కిన పిల్లల ఇళ్ళకు తానే తిరిగి, ఎవరి అసలు పొద్దు ఎవరి దగ్గర దొరుకుతుందో వెతకసాగింది. ఒకబ్బాయికి మేనత్తది సరిపోయింది. ఇద్దరికి ఎవరూ దొరకలేదు. వాళ్ళ సంగతి అడిగితే ఆమె కళ్ళు తుడుచుకుని వేరే మాటలోకి వెళ్ళేది. మళ్ళీ సాయంత్రం పరీక్షల కోసం రాసింది. ఈసారి బస్సుల సంగతి కనుక్కుంటామన్నారు.

మండలం అయ్యాక నేను ఇంటికి వచ్చాను, తేజశ్రీ నా పొద్దును రెండోసారి కట్టుకుంది. మొదటి రోజుల్లో ఏమీ తేడా లేదు. తెల్లవారకముందు డబ్బాల చప్పుడు అలాగే వినిపించేది. ఒకనాడు ఆ చప్పుడు వినపడలేదు. వినోద భయపడి నన్ను లేపింది. వెళ్ళి చూస్తే తేజశ్రీ మంచం మీద కళ్ళు తెరిచి పడుకుని ఉంది. మెలకువొచ్చింది గానీ లేవబుద్ధి కాలేదు అంది. తర్వాత తర్వాత ఆ మెలకువ కూడా వెనక్కి జరిగింది. ఒక సాయంత్రం అన్నాలు తినే వేళ ఏదో చిన్న విషయానికి వాళ్ళమ్మతో వాదం పెట్టుకుని, గొంతు పెంచి, చివరిదాకా వదలకుండా గెలిచింది. వినోద ఓడిపోయి వంటింట్లోకి వచ్చి, ఎంత గట్టిగా మాట్లాడిందో విన్నావా అని మురిసిపోయింది.

మూడో సెమిస్టరు పరీక్షలు ఆ ఏడు ఆలస్యమై మాఘంలో వచ్చాయి. వేళ మారలేదు. బస్సుల సంగతి ఇంకా తేలలేదట. ఎనిమిదింటికే. మొదటి పట్టీనే ఇంకోసారి కట్టుకుంటే పొద్దున పూట బాగా రాయవచ్చు, తర్వాత చూసుకోవచ్చు అని తేజశ్రీ స్నేహితురాలు ఎవరో అందట. తేజశ్రీ ఆ మాట మాకు చెప్పి, కంచంలో అన్నం కలుపుకుంది.

“మార్కులు తక్కువొస్తయి బాపు,” అంది. “ఎంతొస్తే గంత. నా తెలివితోని నేను రాస్త. లేపే పని మాత్రం నీదే.”

పరీక్ష రోజు వినోద నన్ను లేపింది, తేజశ్రీని లేపడానికి. నేను ఆమె గది గుమ్మం దగ్గరికి వెళ్ళి ఆగిపోయాను. ఆమె బోర్లా పడుకుని ఉంది. ఒక చేయి మంచం మీద నుంచి కిందికి వేలాడుతోంది. వేళ్ళు కదలడం లేదు. ఏడాదిగా ఆ చేయి కదలకుండా ఉండడం నేను చూడలేదు. నోరు కొంచెం తెరుచుకుని ఉంది. వెలుగు అప్పుడే కిటికీ దాటి దిండు మీదికి వస్తోంది.

వినోద వెనక నుంచి వచ్చి, టైమైతంది లేపు అని నెట్టింది. తర్వాత తానూ చూసి, నా భుజం మీద చేయి వేసి నిలబడిపోయింది. ఇద్దరం అలా నిలబడ్డాం. ఇంకొంచెంసేపు చూస్తే పరీక్ష పోతుంది. ఆ పరీక్ష ఆమెది, లేపమన్నదీ ఆమే.

నేను వెళ్ళి పాదం పట్టుకుని కదిపాను. కదలలేదు. గట్టిగా కదిపాను. ఆమె కాలు విడిపించుకుని, దుప్పటి నెత్తి మీదికి లాక్కుంది.

“పో బాపు,” అంది లోపలి నుంచి, విసుగ్గా. “ఇంక తెల్లారలే.”

దుప్పటి మీదికి ఎండ వచ్చేసింది. వినోద కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నాకు కళ్ళు మసకబారాయి. తుడుచుకుని, మళ్ళీ లేపాను.